అక్కను కరిచిన గొడుగు

బస్టాండు మెట్ల కింద గొడుగులు బాగుచేసే కొట్టు ఒకటుంది. కొట్టంటే ఏదో ఊహించుకోకండి. టిక్కెట్ల గది గోడకూ మెట్లకూ నడుమ మిగిలిపోయిన ముక్కోణపు సందు అది. నిలబడితే నెత్తి మెట్టుకు కొట్టుకుంటుంది, కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ముందు వేలాడే రేకు మీద 'గొడుగులు బాగుచేయబడును' అని రాసుంటుంది. దాని కింద ఇంకో వరుస ఉండేది. ఇప్పుడక్కడ గీతలు తప్ప ఏమీ లేవు. ఎవరైనా అడిగితే, "ఎండకి పోయిందండీ" అంటాడు కొట్టాయన. ఎండకి పోలేదు, పాడూ లేదు. తన చేత్తో తనే పట్టకారు పెట్టి గీకేశాడు. ఎందుకు గీకాడో చెబుతాను వినండి.

ఆయన్ను అందరూ గొడుగుల మామయ్య అంటారు. పనిలో చెయ్యి తిరిగినవాడే, కాదనను. ఊచ విరిగినా, స్ప్రింగు పోయినా, గుడ్డ చిరిగినా చిటికెలో సరిచేస్తాడు. ఎటొచ్చీ ఆ నోటికే హద్దూ పద్దూ లేదు. "చేతులకి పనుంది, నోటికి లేదు కదా, దాన్ని ఊరికే కూర్చోబెట్టడం ఎందుకు?" అనేవాడు. వెనక గోడకు వేలాడే పాత గొడుగుల్ని చూపించి, "ఇదంతా నా శవాల గదండీ, చచ్చినవాటి ఎముకలు పీకి బతికున్నవాటికి వేస్తాను" అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. ఎదుటివాళ్ళు నవ్వేదాకా గొడుగు చేతికిచ్చేవాడు కాదు.

గొడుగు ఎక్కడ విరిగినా విరగకపోయినా ఒక్కచోట మాత్రం విరిగి తీరుతుంది. ఇనుప కాడ వెళ్ళి ప్లాస్టిక్ పిడిలో దిగే చోట. మిగతావాళ్ళు అక్కడ ఇంత జిగురు పూసి చేతులు దులుపుకుంటారు. మామయ్య అలా కాదు. పాత కర్టెన్ గొట్టంలోంచి వేలెడు వెడల్పు ఇత్తడి ముక్క కోసి, సగం కాడ మీదికి, సగం పిడి మీదికి వచ్చేలా పొన్ను తొడిగి, చిన్న సుత్తితో చుట్టూ తట్టి బిగించేవాడు. తర్వాత గుడ్డతో రుద్ది మెరుగుపెట్టేవాడు. గొడుగు పట్టుకున్నవాళ్ళ చూపుడువేలు దానంతట అదే ఆ పొన్ను మీదికి వెళ్ళేది. చల్లగా, నున్నగా ఉండేది మరి.

ఆ పొన్నంటే ఆయనకు ఎంత గర్వమో చెప్పలేను. రేకు మీద రెండో వరుస దాని గురించే. 'చెయ్యి విరిగినా పిడి విరగదు' అని ఎర్రరంగుతో రాయించాడు. బాగుచేసిన గొడుగును తెరిచి, గిరాకీ కళ్ళముందే మగ్గుతో నీళ్ళు పోసి, ఓసారి విదిలించి, ఓసారి మూసి, "ఇక చూసుకోండి, పరీక్ష పాసైంది" అని ఇచ్చేవాడు. ఆ మగ్గు నీళ్ళ పరీక్ష దాటిన గొడుగులో లోపం ఉందంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం.

ఇక ఆయన అక్క సంగతి. తల్లి పోయాక తమ్ముడి ముక్కు తుడిచి పెంచింది ఆవిడే. చదువు అబ్బకపోతే, ఈ పనైనా నేర్చుకోరా అని ఓ గొడుగుల ముసలాయన పక్కన కూర్చోబెట్టిందీ ఆవిడే. ఆయన చేతిలో ఇప్పటికీ ఉన్న పట్టకారు అక్క కొనిచ్చిందే. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షాపులో ఆవిడ కాజాలు కుట్టేది. ఆవిడ కుట్టిన కాజాలోంచి గుండీ దానంతట అది ఊడిరావడం ఎవరూ చూడలేదు. మనిషి కూడా అంతే, చెప్పిన మాటను అటూ ఇటూ జారనిచ్చేది కాదు.

భర్త పోయాక రెండు గదుల సొంత ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆ ఇల్లు హైటెన్షన్ తీగల బాట అంచున ఉంది. పెద్ద పెద్ద ఇనుప టవర్లు వరుసగా వెళ్తాయి కదా, వాటి కింద ఎవరూ ఇళ్ళు కట్టకూడదని గడ్డి బీడు వదిలేస్తారే, అదే బాట. బీడుకు ఇవతల ఇల్లు, అవతల కుట్టు షాపు. పొద్దున వెళ్ళేటప్పుడూ సాయంత్రం వచ్చేటప్పుడూ తీగల కింద కాలిదారిన నడిచేది.

ఆ తీగలతో ఆవిడకు పొరుగువాళ్ళతో ఉన్నంత చనువు. "ఒరేయ్, ఇవాళ మా తీగలు తెగ గొణుగుతున్నాయిరా, వాన వచ్చేలా ఉంది" అనేది తమ్ముడితో. సన్నజల్లు పడితే కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చుయ్యిమంటాయనేది. బాగా మంచు పట్టిన వేకువజామున టవరు మీద తీగల్ని పట్టుకునే పింగాణీ పళ్ళేల దగ్గర నీలం వెలుగు కనిపిస్తుందనేది. వాన పడితే తన రేడియోకు దగ్గు వస్తుందనేది. తమ్ముడు నవ్వేవాడు. కొడుకు మాత్రం నవ్వేవాడు కాదు.

ఆ కొడుకు లారీల ఆఫీసులో సరుకు బుకింగు చూస్తాడు, ఊరి మధ్య మూడో అంతస్తులో కాపురం. చెడ్డవాడేం కాదు, పిరికివాడు. వాళ్ళ నాన్న చివరి రోజుల్లో మతిమరుపు వచ్చి, లేని మనుషులతో మాట్లాడేవాడు. అది చూసినవాడు కాబట్టి, అమ్మ తీగలు మాట్లాడుతున్నాయి అన్నప్పుడల్లా వాడికి నాన్నే గుర్తొచ్చేవాడు.

ఇలా ఉండగా వానల మొదట్లో అక్క గొడుగు పిడి విరిగింది. విరగాల్సిన చోటే విరిగింది. తమ్ముడు కొత్త పిడి వేసి, అన్నిటికంటే మెరిసే పొన్ను ఏరి తొడిగి ఇచ్చాడు. "అక్కా, ఇక నీ మనవలు కూడా ఇదే పట్టుకుంటారు" అన్నాడు. అక్క మురిసిపోయింది.

తర్వాత సన్నజల్లు పడిన మొదటి సాయంత్రం, షాపు నుంచి వస్తూ సరిగ్గా తీగల కిందికి వచ్చేసరికి ఆవిడ చూపుడువేలికి చురుక్కుమంది. చీమేమో అనుకుంది. వేలు తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ చురుక్కు. ఇంకో రెండడుగులు వేసేసరికి టపటపా వరసగా కుట్టింది. అమ్మో అని గొడుగు విసిరేసింది. కాలికింద బురద. కుడిచెయ్యి ఆనుకుని పడింది. మణికట్టు విరిగింది.

ఆస్పత్రిలో పిండికట్టు వేస్తుండగా కొడుకు, "ఎలా పడ్డావమ్మా?" అని అడిగాడు.

"గొడుగు కరిచిందిరా."

వాడు డాక్టరు ముఖం చూశాడు. డాక్టరు వాడి ముఖం చూశాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఇంకాస్త వివరంగా. తీగల కిందికి రాగానే కరిచిందని, దాటాక కింద పడివున్న గొడుగును మళ్ళీ ముట్టుకుంటే కరవలేదని. వివరంగా చెప్పినకొద్దీ కొడుకు ముఖం వాడిపోయింది.

మర్నాడు వాడు అమ్మనూ గొడుగునూ వెంటబెట్టుకుని బస్టాండుకు వచ్చాడు. మంచి గిరాకీ వేళ. నలుగురైదుగురు నిలబడి ఉన్నారు, వాళ్ళ చేతుల్లోనూ పొన్ను గొడుగులే.

"మామయ్యా, నువ్వే చెప్పు" అన్నాడు మేనల్లుడు. "గొడుగు కరుస్తుందా?"

అక్క పిండికట్టు చేతిని గుండెకు ఆనించుకుని తమ్ముడి వైపు చూసింది. అక్క అబద్ధం చెప్పదని ఆ సందులో ఆయన ఒక్కడికే తెలుసు. కానీ గొడుగులో లోపముందంటే పొన్నులో ఉన్నట్టే. పొన్నులో ఉందంటే ఇంతమంది చేతుల్లో ఉన్నట్టే. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గొడుగు తెరిచాడు, మగ్గు నీళ్ళు పోశాడు, విదిలించాడు. పొన్నుకు తన వేలు ఆనించి, కుక్కపిల్లను పిలిచినట్టు నాలుకతో చప్పుడు చేశాడు. "ఏదీ, కరువమ్మా, కరువు. ఊహూ, నాతో స్నేహంగానే ఉంది. అక్కా, నువ్వేమైనా తిట్టావా దీన్ని?"

అందరూ గొల్లున నవ్వారు. ఎవరో రేకు వైపు చూపించి, "చెయ్యి విరిగినా పిడి విరగదని రాశారుగా, మాట నిలబెట్టుకున్నారు" అన్నారు. మామయ్య దానికీ నవ్వాడు. నవ్వడమే కాదు, "చూశారా, పిడికి గీత కూడా పడలేదు" అని గొడుగెత్తి చూపించాడు. అక్క చెయ్యి విరిగి ఎదుట నిలబడి ఉండగా! ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఆయన చేతిలోని పని జారిపోతుంది.

అదైనా నలుగురి ముందు నోరు జారిందనుకుందాం. తర్వాత మేనల్లుణ్ణి పక్కకు లాగి చెవిలో చెప్పిన మాట మాత్రం తెలిసి చెప్పిందే. "పెద్దతనం రా. ఒక్కదాన్నే ఉంచకు. తాళంచెవి నీ దగ్గర పెట్టుకో." అక్కకు వినపడలేదనుకున్నాడు.

మేనల్లుడికి ఆ మాటే కావాలి. ఆ వారమే అమ్మను మూడో అంతస్తుకు తీసుకుపోయాడు. ఇంటికి తాళం వేశాడు. కట్టు విప్పాక కూడా షాపుకు పంపలేదు. మామయ్యేమో ఆ వానాకాలమంతా గిరాకీలకు కొత్త జోకు చెప్పుకున్నాడు. "మీ గొడుక్కి టీకాలు వేయించారా? మా అక్కని ఈమధ్య ఒకటి కరిచింది." భలే పేలేది. సాయంత్రం ఇంటికొచ్చి భార్యకు కూడా చెప్పబోయాడు. ఆవిడ గిన్నె కింద పెట్టి, "మీకు సిగ్గనిపించడం లేదూ? వదిన ఏనాడైనా లేనిది చెప్పిందా?" అంది. "నీకేం తెలుసు గొడుగుల గురించి" అని కసిరాడు.

ఒకరోజు ఖాకీ రెయిన్‌కోటు వేసుకున్న మనిషొకడు ఊచ ఊడిన గొడుగు తెచ్చాడు. హైటెన్షన్ తీగల మరమ్మతు పని అతనిది. మామయ్య ఊచ బిగిస్తూ అలవాటుగా జోకు చెప్పాడు. అతను నవ్వలేదు. అర్థం కాలేదేమోనని మామయ్య మళ్ళీ చెప్పాడు.

"ఎక్కడ పడ్డారు ఆవిడ?" అన్నాడతను.

"ఆ బీడులో, మీ టవర్ల కిందే."

"జల్లు పడుతోందా?"

"ఆఁ."

"పిడి ప్లాస్టిక్కా?"

"ప్లాస్టిక్కే. ఇదిగో, ఇలా ఇత్తడి పొన్ను వేసిచ్చాను."

అతను ఆ పొన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది లోపల ఇనుప కాడకి తగులుతుందా?"

"తగలకపోతే పట్టు ఎలా వస్తుందయ్యా?"

"మరి కరవదూ?" అన్నాడతను.

మామయ్య చేతిలో పట్టకారు ఆగిపోయింది. అతను పెద్ద పాఠమేమీ చెప్పలేదు. పైన తీగల్లో పోయే కరెంటు ముట్టుకోకుండానే కింద ఉన్న ఇనుము మీద కొంత ప్రభావం చూపిస్తుందన్నాడు. గొడుగు ఊచలూ కాడా ఆ ప్రభావాన్ని పట్టుకుంటాయి, ప్లాస్టిక్ పిడి దాన్ని కిందికి పోనివ్వదు, మనిషేమో తడినేల మీద నిలబడి ఉంటాడు, మధ్యలో వేలు ఇత్తడికి తగిలిందంటే చిన్న నిప్పురవ్వ. "ప్రాణానికేం కాదండీ, సూదిగుచ్చినట్టుంటుంది. ఉలిక్కిపడి కింద పడితేనే ప్రమాదం. తీగలు బాగా కిందికి వంగిన చోటైతే ఇంకా తెలుస్తుంది. మాకిది కొత్తేం కాదు."

మామయ్య నెమ్మదిగా అడిగాడు. "మరి... తీగలు గొణుగుతాయంటారు?"

"వానకీ మంచుకీ గొణుగుతాయి కదా. చుయ్యిమంటాయి."

"నీలం వెలుగు?"

"బాగా చీకట్లో చూస్తే కనిపిస్తుంది ఒక్కోసారి."

"రేడియో..."

"గరగరమంటుంది. ఆవిడ అన్నీ బాగా గమనించారే! ఇప్పుడెలా ఉన్నారు?"

మామయ్య తల వంచుకుని ఊచ బిగిస్తున్నట్టు నటించాడు. ఆ ఊచ ఎప్పుడో బిగిసింది. "బాగానే ఉంది" అన్నాడు చివరికి.

మర్నాడు జల్లు పడగానే కొట్టు మూసి, ఒక పొన్ను గొడుగు తీసుకుని బీడుకు వెళ్ళాడు. అది అబద్ధమైతే బాగుండునని దారంతా కోరుకుంటూ వెళ్ళాడు, ఎంత సిగ్గులేని కోరికో చూడండి. తీగల కిందికి రాగానే పైనుంచి చుయ్యిమని వినిపించింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తలెత్తి విన్న పాపాన పోలేదు. చూపుడువేలు దానంతట అదే పొన్ను మీదికి వెళ్ళింది. చురుక్కుమంది. తీశాడు, పెట్టాడు, మళ్ళీ చురుక్కు. తెలిసి వచ్చినవాడు, కావాలని పట్టుకున్నవాడు, అయినా వరసగా కుట్టేసరికి గొడుగు వదిలేశాడు. అది గడ్డిలో దొర్లింది. అక్క పడింది ఇక్కడే కాబోలు అనుకునేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. వానలో తడుస్తూ అలాగే నిలబడిపోయాడు.

అక్కడినుంచి సరాసరి అక్క దగ్గరికి వెళ్ళి చెప్పేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. చెప్పాలనే వెళ్ళాడు. మూడో అంతస్తు ఎక్కాడు. అక్క కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో రేడియో ఉంది గానీ మోగడం లేదు.

"పాడైందా అక్కా?"

"లేదురా, ఇక్కడ బాగానే పాడుతోంది. దగ్గూ లేదు ఏమీ లేదు. నా చెవులదే తప్పట" అంది అక్క. "వాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. వెళ్తాను. నాకు కూడా అనుమానంగానే ఉంది. నిన్న స్టవ్ కట్టేశానా లేదా అని ఐదుసార్లు లేచి చూశాను" అంది.

చెప్పడానికి ఇంతకంటే ఏం సందు కావాలి? మామయ్య నోరు తెరిచాడు. ఊరందరి ముందూ వాగిన నోరు అది, అక్క ఎదుట పెగల్లేదు. వాన గురించి మాట్లాడాడు, అక్క కోడలు ఇచ్చిన టీ తాగాడు, లేచి వచ్చేశాడు. కోడలు గుమ్మం దాకా వచ్చి, "ఆ ఇల్లు అద్దెకిచ్చేస్తున్నారు మామయ్యగారూ, ఆదివారం చూడ్డానికి వస్తారట. అత్తయ్య సామాను కూడా తీసేయాలి" అని చెప్పింది. అయినా చెప్పలేదు.

ఇంటికి రాగానే భార్యకు మాత్రం అంతా చెప్పేశాడు. ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడలేదు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తొక్కారు కదా, ఇక కడుక్కోండి" అంది. "మీ ముఖం చెల్లదని వదిన ఇల్లు పోవాలా?"

ఆ మాటకు ఆయన ఆ పూట భోజనం చెయ్యలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా. మర్నాడు పొద్దున అందరికంటే ముందు బస్టాండుకు పోయి, అక్క కొనిచ్చిన పట్టకారు మొనతో రేకు మీది రెండో వరుసను గీకిపారేశాడు. అది సులభమే. చుట్టూ ఎవరూ లేరు.

ఆదివారం పొద్దుట్నుంచీ జల్లు. మామయ్య మేనల్లుడికి కబురు పెట్టాడు. "సామాను తీసేటప్పుడు అక్క కూడా ఉండాలిరా, తీసుకురా. నేనూ వస్తున్నాను." ముగ్గురూ షాపు వైపు నుంచి కాలిదారిన నడిచారు. మేనల్లుడి జేబులో తాళంచెవి. మామయ్య చేతిలో అక్క గొడుగు, అదే. ఇన్నాళ్ళూ కొట్టులో మేకుకు వేలాడుతూ జోకు చెప్పినప్పుడల్లా చూపించడానికి పనికొచ్చిన గొడుగు. దూరంగా ఇంటి గుమ్మం దగ్గర అద్దెకు వచ్చే దంపతులు చూరు కింద నిలబడి ఉన్నారు.

తీగలు కిందికి వంగిన చోట మామయ్య ఆగాడు.

"అక్కా, ఒక్కసారి ఇది పట్టుకో."

అక్క వెనక్కి జరిగింది. "ఎందుకురా?"

"పట్టుకో అక్కా. నాకోసం."

కట్టు విప్పినా కుడిచేతికి ఇంకా పట్టు రాలేదు, ఆవిడ ఎడమచేత్తో తీసుకుంది. పాపం, అలవాటు, వేలు పొన్ను మీదికే వెళ్ళింది. వేళ్ళు ఒక్కసారి ఎగిరిపడటం మామయ్య కళ్ళారా చూశాడు. పెదవి కొరుక్కోవడం చూశాడు. ఆవిడ తమ్ముడి వైపు చూడలేదు, కొడుకు ముఖం చూసింది. ఆ కళ్ళలో భయం.

"ఏమీ లేదురా" అంది కొడుకుతో. "బాగానే ఉంది. నాకేం అనిపించలేదు."

అంటూనే ఇంకోసారి ఉలిక్కిపడింది. అయినా గొడుగు వదల్లేదు. మళ్ళీ పిచ్చిదంటారేమోనని నొప్పిని నవ్వు ముఖంతో పట్టుకుని నిలబడింది.

మామయ్యకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. చెయ్యి విరిగినా అబద్ధం చెప్పని మనిషి, తన మూలాన అబద్ధం నేర్చుకుంది. ఆయన ఆ గొడుగు లాక్కున్నాడు. "కరిచింది! నేను చూశాను, నీ వేళ్ళు ఎగిరాయి. ఇదిగో, నన్నూ కరుస్తోంది" అంటూ దాన్ని మేనల్లుడి చేతిలో పెట్టి, వాడి వేలు పట్టుకుని పొన్నుకు ఆనించాడు.

"అమ్మో!" అన్నాడు మేనల్లుడు. గొడుగు వదిలేశాడు. చెయ్యి దులుపుకుంటూ పైకి చూశాడు. పైన తీగలు చుయ్యిమంటున్నాయి. బహుశా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చెవొగ్గి విన్నాడు. "మామయ్యా... ఇది... మరి నువ్వు ఆ రోజు..."

"ఆ రోజు నాకేమీ తెలీదురా. తెలీకుండానే తెలిసినట్టు చెప్పాను. నా పొన్నుకి మాట వస్తుందని మా అక్కని పిచ్చిదాన్ని చేశాను. తీగలు గొణగడం నిజం, నీలం వెలుగు నిజం, రేడియో నిజం. ఆ పని చేసే మనిషే చెప్పాడు. అప్పట్నుంచీ తెలిసి కూడా నోరు మూసుక్కూర్చున్నాను."

మేనల్లుడు తల వంచుకుని జేబులోంచి తాళంచెవి తీశాడు. అమ్మ ఎడమచేతిలో పెట్టి, "నాన్నకి అలా అయింది కదమ్మా, నేను భయపడ్డాను" అన్నాడు. ఆవిడ వాడి తల నిమిరింది. వాణ్ణి అప్పుడే క్షమించేసింది.

తమ్ముడి వైపు తిరిగింది. కోపం లేదు, అదే ఆయనకు భరించరానిదైంది.

"తాళంచెవి తీసుకోమని వాడి చెవిలో చెప్పావు చూడు, అది నేను విన్నాన్రా" అంది. "నువ్వే అన్నావంటే నిజమేననుకున్నాను. మగ్గుతో నీళ్ళు పోసి చూశావు కదా. నాతో ఇక్కడిదాకా వచ్చి, ఒక్కసారి నువ్వు పట్టుకుని చూడొచ్చు కదరా?"

మామయ్య వంగి, కింద పడ్డ గొడుగు తీసి మూశాడు.

ఆవిడ గొడుగు లేకుండానే జల్లులో నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది. గుమ్మం దగ్గరున్న దంపతులకు, ఇల్లు అద్దెకివ్వడం లేదు, శ్రమ పెట్టినందుకు ఏమనుకోకండి అని చెప్పి పంపించింది. ఎడమచేత్తో తాళం తీయడానికి చాలాసేపు పట్టింది. కొడుకు సాయం చేయబోతే వద్దంది. లోపలికి వెళ్ళి, కిటికీ తెరిచి, సంచీలోంచి రేడియో తీసి గూట్లో దాని చోట పెట్టి తిప్పింది. అది గరగరా దగ్గింది.

అక్క ముఖం విప్పారింది. అంతలోనే ఏదో అనుమానం వచ్చినట్టు చెయ్యి రేడియో మీదే ఉంచి, గుమ్మంలో తడిసి నిలబడ్డ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది.

"మీకూ వినిపిస్తోందా?" అని అడిగింది.

"వినిపిస్తోందక్కా" అన్నాడు మామయ్య.

"నిజంగా?"

ఆ తర్వాత మామయ్య కనిపించిన ప్రతి గిరాకీనీ ఆపి, పొన్నులన్నీ ఊడదీసి, ఆ చోట మైనం పట్టించిన నూలు చుట్టి ఇచ్చాడు. కుట్టు షాపువాళ్ళు అక్కను మళ్ళీ పనిలోకి పిలిచారు. ఎడమచెయ్యి సాయం పెట్టుకుని కాజాలు మెల్లగా కుడుతోంది. వానపడిన రోజున మామయ్య కొట్టు కట్టేసి, సాయంత్రం షాపు గుమ్మం దగ్గర నిలబడతాడు. ఇద్దరూ ఒకే గొడుగు కింద బీడు దాటుతారు. మధ్యదారిలో అక్క ఆగుతుంది, తలెత్తి వింటుంది, తమ్ముడి చెయ్యి పట్టుకుంటుంది.

"ఒరేయ్, గొణుగుతున్నాయి కదా?" అని అడుగుతుంది.

"గొణుగుతున్నాయక్కా" అంటాడు ఆయన ప్రతిసారీ, తల ఎత్తకుండా. ఇదివరకు అక్క అలా ఎవర్నీ అడిగేది కాదు.